ఎర్రకారుకు తీసిపోని కారు

మా తాటికుంట్ల పురపాలక సంఘంలో ఆరోగ్య శాఖకు వాహనం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది. ఆఫీసు వెనక షెడ్డులో ఉంది. అమెరికా దేశపు కారు. ఎర్రటి ఒళ్ళు, మీద రెండు నల్ల పట్టీలు. కదలదు, అంతే.

పూర్వం మా ఊళ్ళో పొగాకు వ్యాపారం చేసిన వెలిది కోటిలింగం గారు, మద్రాసులో ఎవరో దొర దేశం వదిలిపోతూ అమ్ముతుంటే ముచ్చటపడి కొన్నారు దాన్ని. ఎనిమిది సిలిండర్ల ఇంజను. బానెట్టు మీద నవారు మంచం వేసుకుని పడుకోవచ్చు. అంత పొడుగు కారుకీ తలుపులు మాత్రం రెండే. స్టీరింగు ఎడమ పక్కన. అది బజారులోకి వచ్చిందంటే ఆ చప్పుడుకి గేదెలు పాలు చేపేవి కావని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కోటిలింగం గారికి ఓసారి కలరా వస్తే మా ఆరోగ్య శాఖవాళ్ళు బతికించారు. ఆ కృతజ్ఞతతో ఆయన పోతూ పోతూ కారును ఆ శాఖకు రాసిచ్చారు. ఆయనకంటే నెల ముందే ఇంజను పోయిందన్న సంగతి మాత్రం రాయలేదు.

నా పేరు భుజంగరావు. ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. నా ఉద్యోగం తను చేసి చూస్తే తెలుస్తుంది.

మా ఆరోగ్య శాఖ డాక్టరు మందాకిని గారు. ఎన్నో ఏళ్ళు ఖాళీగా ఉన్న కుర్చీలోకి వచ్చిన మనిషి. వాగు అవతల ఉన్న రాళ్లపాడు, దాని చుట్టుపక్కల నాలుగు పల్లెలూ ఈమధ్యనే మా పురపాలక సంఘంలో కలిశాయి. అక్కడి పసిపిల్లలకు టీకాలు వెయ్యడం ఆవిడ పని. టీకా మందులున్న ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని, మస్తాన్‌వలి షేర్ ఆటోలో, మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని వెళ్ళేది. తిరుగుదారిలో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు కూడా ఎక్కేవి.

ఒకరోజు ఎర్రబడిన కళ్ళతో నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది.

"భుజంగరావు గారూ, ఆ మిరపకారం ఘాటుకి సూది వేసేలోపు పదిసార్లు తుమ్ముతున్నానండీ. పిల్లలు సూదికి కాదు, నా తుమ్ములకి జడుసుకుని ఏడుస్తున్నారు. నాకేం పెద్ద బండి వద్దు. ఐసుపెట్టె పట్టే చిన్న కారు ఒకటి ఇప్పించండి. వానలు మొదలైతే ఆ ఆటోలో నేనూ తడుస్తా, మందులూ తడుస్తాయి. వానల్లోపు రాకపోతే నేను బదిలీ పెట్టుకుంటా."

"అంతమాట అనకండమ్మా. నేనున్నాగా," అన్నాను.

అలా అనకుండా ఉండాల్సింది.

చిన్న కారు కొనడానికి పైనుంచి నిధులు కూడా వచ్చేశాయి. ఫైలు పట్టుకుని కమిషనర్ ఏకాంబరం గారి గదిలోకి వెళ్ళాను. ఏకాంబరం గారు మంచివారు. లంచం తీసుకోరు. ఒకరిని మాట అనరు. ఆయనకున్న ఒకే ఒక్క అలవాటు, నిబంధనలు చదవడం. రెండో అలవాటు కూడా ఉంది గాని, అది ఆయనకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన అనుకుంటారు. మధ్యాహ్నం పూట షెడ్డులోకి వెళ్ళి, ఎర్రకారు స్టీరింగు ముందు కూర్చుని పెరుగన్నం తింటారు. తింటూ నోటితో 'ర్‌ర్‌ర్' అంటారు. ఆఫీసు అంతా విన్నాం.

"భుజంగరావ్! సదరు శాఖకు వాహనము ఇప్పటికే ఉన్నది కదా?" అన్నారు.

"ఉందండీ. కదలదండీ."

"కదలకపోవుట దాని స్థితి. ఉండుట దాని అస్తిత్వము. రెండింటినీ కలపరాదు. కాబట్టి ఇది కొత్త కొనుగోలు కాదు, మార్పిడి. మార్పిడి అన్నప్పుడు నిబంధన ఏమి చెప్పుచున్నది?"

నాకు తెలుసు ఆ నిబంధన. దాని పుట్టుక కూడా తెలుసు. వెనకటి కమిషనర్ ఒకాయన ఆఫీసులోని టేకు కుర్చీలన్నీ ఇంటికి పట్టుకుపోయి, వాటి స్థానంలో ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. అది చూసి మండిపడిన కౌన్సిలు ఒక తీర్మానం చేసింది: పాత వస్తువు స్థానంలో వచ్చు కొత్త వస్తువు, పాతదానికంటె ఏ విషయములోనూ తక్కువ కారాదు. కుర్చీల కోసం పుట్టిన నిబంధనే గాని, అందులో కుర్చీ అన్న మాట రాయడం మర్చిపోయారు.

"అది కుర్చీల కోసమండీ," అన్నాను.

"కుర్చీ యందు కూర్చుండుదుము. కారు యందు కూర్చుండుదుము. తేడా ఏమున్నది?" అన్నారు ఏకాంబరం గారు.

ఆ సాయంత్రానికల్లా వాహన తులనాత్మక పరిశీలనా సంఘం ఏర్పడింది. ఆయన అధ్యక్షులు. కాలవలూ రోడ్లూ చూసే ఇంజినీరు బోసుబాబు సభ్యుడు. నేను సభ్య కార్యదర్శిని. కొలతలు తీసే అవకాశం వచ్చిందని బోసుబాబు పొంగిపోయాడు. వాడు టేపు చూస్తే ఆగలేడు, పెళ్ళికి పిలిస్తే పందిరి కొలిచి వస్తాడు.

మర్నాడు గుంటూరు నుంచి షోరూము కుర్రాడు నవనీత్ తెల్లటి చిన్న కారు తెచ్చి ఎర్రకారు పక్కన నిలబెట్టాడు. మెడలో టై, మొహాన నవ్వు. పాపం, వాడికి మా ఆఫీసు కొత్త.

"ఫ్యామిలీ కారు సార్! నాలుగు తలుపులు, ఏసీ, వెనక కెమెరా. ఎక్కడైనా గుద్దుకుంటే టక్కున బెలూన్లు తెరుచుకుని మనిషిని కాపాడతాయి సార్!"

"అనగా, గుద్దుకొనుటకు సిద్ధపడియే తయారు చేసినారన్నమాట," అన్నారు కమిషనర్ గారు. "సిలిండర్లెన్ని?"

"మూడు సార్."

ఏకాంబరం గారు ఎర్రకారు వైపు చూశారు. దాన్ని ఎవరో తిట్టినట్టు ఆయన మొహం చిన్నబోయింది.

"ఎనిమిదికి మూడు తక్కువ. రాసుకో భుజంగరావ్. పెట్రోలు?"

"లీటరుకి ఇరవై కిలోమీటర్లు సార్!" అన్నాడు నవనీత్ ఛాతీ విరుచుకుని.

"మన వాహనము?"

"కోటిలింగం గారి రోజుల్లో లీటరుకు మూడు వచ్చేదనేవారండీ," అన్నాను.

"అట్లయిన, పెట్రోలు త్రాగుటలో సదరు కొత్త వాహనము మిక్కిలి వెనుకబడి యున్నది. రాసుకో. చప్పుడు ఎట్లుండునో చూతము. స్టార్టు చేయుము."

"చేశాను సార్. నడుస్తోంది."

బోసుబాబు బానెట్టుకి చెవి ఆనించి, లేచి, పెదవి విరిచాడు. "ఏమీ లేదు సార్. ఫ్రిజ్జు తలుపేసినట్టుంది."

పాత కారు చప్పుడు కొలవడానికి అది స్టార్టు కాదు గదా. అందుకని కోటిలింగం గారి పక్కింటి ముసలమ్మను రిక్షాలో పిలిపించి వాంగ్మూలం తీసుకున్నాం. "ఆ కారు చప్పుడు ఎట్లుండేది?" అని కమిషనర్ గారు అడిగితే, ఆవిడ "ఆఁ?" అంది. ఇంకా గట్టిగా అడిగితే ఇంకా గట్టిగా "ఆఁ?" అంది. సాక్ష్యం బలంగా ఉందని రాసుకున్నాం.

బోసుబాబు టేపు సాగదీసి పొడుగులు కొలిచాడు. తక్కువ. బరువు, తక్కువ. పొగ, అసలు లేదు. ఆఖరికి సీనియారిటీ దగ్గర ఆగారు. ఎర్రకారు చేరినప్పటికి ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ రిటైరయ్యారు, కొందరు పైకీ వెళ్ళారు. తెల్లకారు తయారై రెండు నెలలు.

"సీనియారిటీ మనం ఇవ్వగలిగేది కాదు. దానికి కాలమే మార్గము. మిగతావి సరిచేయవచ్చును," అన్నారు ఏకాంబరం గారు పెద్ద మనసుతో.

సరిగ్గా అప్పుడే మందాకిని గారు రాళ్లపాడు నుంచి దిగింది. చీర కుచ్చిళ్ళ నిండా మిరప తొడిమలు. తెల్లకారును చూడగానే మొహం వెలిగిపోయింది. ఎవరినీ అడగకుండా తలుపు తీసి, ఐసుపెట్టె వెనక సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా కట్టింది. ముందు కూర్చుని చల్లగాలికి కళ్ళు మూసుకుంది.

"ఇది చాలండీ నాకు. బంగారంలా చాలు," అంది.

"అమ్మా, మీకు చాలుట వేరు, నిబంధనకు చాలుట వేరు," అన్నారు కమిషనర్ గారు మెత్తగా.

ఆవిడ ఐసుపెట్టె బెల్టు విప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో నోరు జారాను.

"ఒక కారుకు సిలిండర్లు చాలకపోతే మూడు కార్లు వరసగా కట్టి చూడండి సార్! తొమ్మిదవుతాయి. పొడుగు సరిపోతుంది, బరువు సరిపోతుంది, పెట్రోలూ మూడింతలు తాగుతాయి!"

ఎవరైనా నవ్వుతారని అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఏకాంబరం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"భుజంగరావ్! ఇన్నాళ్ళూ నిన్ను నేను గుర్తించలేదు," అన్నారు.

అంతే. నవనీత్ మూడు కార్ల బేరం తగిలిందని షోరూముకు పరుగెత్తాడు. ఇంకో రెండు తెల్లకార్లు వచ్చాయి. బోసుబాబు రోడ్డు పనికి తెచ్చిన ఇనప కడ్డీలతో ఒకదాని వెనక ఒకటి బిగించాడు. చప్పుడు కోసం మూడింటికీ సైలెన్సర్లు ఊడదీయించాడు. నవనీత్ మొహాన నవ్వు అప్పుడు మొదటిసారి తగ్గింది. పై అధికారులకు నాచేతే నోటు రాయించారు: 'సదరు మూడు కార్లు, పరిశీలన నిమిత్తము, ఒక్క కారుగా పరిగణించబడును.'

"ఒక్క కారు కొనే డబ్బుతో మూడు ఎలా కొంటారండీ?" అని మందాకిని గారు నన్ను అడిగింది.

"ఒక్కటేగా అమ్మా, పరిగణించాక," అన్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"మబ్బులు పడుతున్నాయి భుజంగరావు గారూ," అని మాత్రం అంది ఆవిడ. బదిలీ దరఖాస్తు రాసి సంచీలో పెట్టుకుందని మా ప్యూను చెప్పాడు.

ఇక మిగిలింది నడక పరీక్ష. ఆఫీసు నుంచి రాళ్లపాడు దాకా రెండు వాహనాలూ వెళ్ళాలి, తీసిపోకుండా కొత్తది పాతదాన్ని అందుకోవాలి. ఎర్రకారు నడవదు గదా అని బోసుబాబు సందేహం వెలిబుచ్చాడు.

"లాగబడుట కూడా నడుచుటలో భాగమే," అన్నారు కమిషనర్ గారు. చెత్త ట్రాక్టరు పిలిపించారు.

ఊరంతా రోడ్డు మీదే ఉంది ఆ రోజు. ముందు చెత్త ట్రాక్టరు, దానికి మోకుతో కట్టిన ఎర్రకారు, స్టీరింగు ముందు నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఏకాంబరం గారు. ట్రాక్టరు కొట్టుకుంటుంటే ఆ చప్పుడు తన కారుదే అన్నంత సంతోషంగా ఉన్నారు. వెనక మూడు తెల్లకార్లు రైలు పెట్టెల్లా. మొదటిదాంట్లో బోసుబాబు, నడిమిదాంట్లో నవనీత్, చివరిదాంట్లో నేను. ముగ్గురం ఒకేసారి గేరు మార్చాలి. బోసుబాబు కిటికీలోంచి చెయ్యి ఊపితే రెండో గేరు. మా చప్పుడుకి నిజంగానే గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. ఆ విషయంలో మాత్రం తీసిపోలేదని ఏ మాటకామాట చెప్పుకోవాలి.

వాగు దగ్గర చప్టా ఉంది. చప్టాకు ముందు ఒక వంపు. ట్రాక్టరు తిరిగింది. ఎర్రకారు ముక్కు తిరగలేదు. ఆ నవారు మంచమంత బానెట్టు వెళ్ళి చప్టా రాయికి ఆనుకుంది. మోకు ఫట్టున తెగి, ట్రాక్టరు తన దారిన తను వాగు దాటి వెళ్ళిపోయింది. దాన్ని చూసి బోసుబాబు బ్రేకు వేశాడు. నేను వెయ్యలేదు. నడుమ నవనీత్ కారులో బెలూన్లు టక్కున తెరుచుకున్నాయి.

"పనిచేస్తున్నాయి సార్!" అన్న కేక లోపల్నుంచి వినపడింది. మంచి కుర్రాడు.

అంతలో వాన మొదలైంది. తొలకరి. ముందుకీ వెనక్కీ పోలేక అందరం దిగి నిలబడ్డాం. వెనకనుంచి కీచుమని హారను.

"ఏందయ్యా సామీ, దారికడ్డంగా ఈ సంత!" మస్తాన్‌వలి తల బయటపెట్టాడు. ఆటో నిండా ఆడకూలీలు, వాళ్ళ మధ్య పాలిథిన్ సంచీ కప్పిన ఐసుపెట్టెను కావలించుకుని మందాకిని గారు.

"సందు లేదు మస్తానూ, ఆగు," అన్నాను.

"ఆగితే ఐసు కరిగిపోద్ది సారూ. మీరు కాస్త పొట్టలు లోపలికి పీల్చుకోండి!"

ఎర్రకారుకీ చప్టా గోడకీ మధ్య ఉన్న సందులోంచి, ఒక చక్రం గట్టు మీదా రెండు చక్రాలు రోడ్డు మీదా వేసి, ఆటోను అవతలికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళు ఈలలు వేశారు. మందాకిని గారు మావైపు చూడలేదు.

మేం బట్టలు ఎగ్గట్టుకుని వాగు దాటి, బురదలో నడిచి రాళ్లపాడు చేరేటప్పటికి, బడి వరండాలో ఆవిడ సగం మంది పిల్లలకు టీకాలు వేసేసింది. కమిషనర్ గారు తడిసిన చొక్కాతో గుమ్మంలో నిలబడిపోయారు.

"డాక్టరమ్మా, మాకంటె ముందు ఎట్లు వచ్చినారు?"

"ఆటోలోనండీ. రోజూ వచ్చినట్టే."

"రోజూనా?" ఆయన నావైపు తిరిగారు. "భుజంగరావ్! ఎప్పటినుంచి?"

"ఆవిడ చేరినప్పటినుంచీ సార్," అన్నాను. నా గుండెల్లో ఆశ లేచింది. ఇప్పటికైనా అర్థమైంది, తెల్లకారు ఒకటి మంజూరు చేసేస్తారు, ఈ పీడ వదిలిపోతుంది అనుకున్నాను.

ఏకాంబరం గారు నెమ్మదిగా ఆటో చుట్టూ తిరిగారు. టాపు మీద వేలితో తట్టారు. ఎర్రకారు దగ్గర ఆయన కళ్ళలో కనిపించే మెరుపే ఇక్కడా కనిపించింది. నా ఆశ అక్కడే చచ్చిపోయింది.

"అంటే, ఆరోగ్య శాఖ వారు వాస్తవముగా వాడుకలో ఉంచుకొన్న వాహనము ఇది. మనము తప్పు వాహనముతో పోల్చుచున్నాము! బోసుబాబూ, టేపు! ఏమయ్యా, ఇందులో ఎందరు ఎక్కుదురు?"

మస్తాన్‌వలికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఎంతమంది వస్తే అంతమంది సారూ."

"పరిమితి లేని సామర్థ్యము!" అన్నారు కమిషనర్ గారు ఆటో టాపు నిమురుతూ. "తెల్లకారులో అయిదుగురు. మూడు కట్టినా పదిహేనుమంది. పరిమితి లేనిదానికంటె పదిహేను తక్కువ. రాసుకో!"

"సార్, డాక్టరు గారు ఒక్కరే సార్! ఆవిడా, ఐసుపెట్టే!" అని అరిచాను. నిజంగానే అరిచాను. వరండాలో ఒక పసివాడు జడుసుకుని ఏడ్చాడు.

"ఆవేశము వద్దు భుజంగరావ్. కొత్త వాహనము ప్రతిపాదన తిరస్కరించడమైనది. వాడుకలో ఉన్న వాహనమునే శాఖ స్వాధీనపరచుకొనుట ఉత్తమము."

వారం తిరక్కుండా మస్తాన్‌వలి ఆటో ముందు 'ప్రభుత్వ వాహనము' అన్న బోర్డు వెలిసింది. ప్రభుత్వ వాహనంలో ప్రైవేటు మనుషులు ఎక్కకూడదు. డీజిలు మంజూరు కానిదే కదలకూడదు. డీజిలు మంజూరు కావాలంటే అది ఎంత తాగుతుందో నిర్ధారించాలి, అందుకు దాన్ని నడిపి చూడాలి. డీజిలు లేనిదే నడపడానికి లేదు. కాబట్టి ఆటోను షెడ్డులో ఎర్రకారు పక్కన పెట్టారు. మస్తాన్‌వలికి జీతం ఇచ్చారు. వాడు రోజూ వచ్చి, దాంట్లో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. కూలీ ఆడవాళ్ళు షెడ్డు గేటు ముందు నిలబడి వాణ్ణి నానా తిట్లూ తిట్టి, నడిచి పోతున్నారు.

తెల్లకార్లు మూడూ గుంటూరు వెళ్ళిపోయాయి. నవనీత్ ఉద్యోగం మారాడని విన్నాను.

వాన ముసురు పట్టిన రోజు మందాకిని గారు ఐసుపెట్టె చేత్తో పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"ఇప్పుడు నేను ఎలా వెళ్ళాలండీ?"

ఏకాంబరం గారికి నిజంగానే బాధ కలిగింది. "ఎందుకమ్మా అట్లు అడుగుచున్నారు? మీ శాఖకు ఇప్పుడు రెండు వాహనములు ఉన్నవి. జిల్లాలో మరి ఏ శాఖకూ లేవు."

ఆవిడ బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, సంచీలోంచి దరఖాస్తు తీసింది. ఐసుపెట్టె కింద నీళ్ళు కారుతున్నాయి. రాళ్లపాడు చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది పిల్లలకు టీకాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

"అమ్మా, ఆ కాగితం లోపల పెట్టండి. వెనక గేటు దగ్గరికి రండి. నన్నేమీ అడక్కండి," అన్నాను.

మా ఆవిడ స్కూటరు ఉంది. పాతది, కుడి అద్దం లేదు. దాన్ని వెనక సందులో చింతచెట్టు చాటున పెట్టి, పైన గోనెపట్టా కప్పి ఉంచుతాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు నేను కడుపునొప్పని ఒంటిపూట సెలవు పెడతాను. మందాకిని గారు ఐసుపెట్టె పట్టుకుని వెనక కూర్చుంటుంది. తుమ్ములు తగ్గాయి. దరఖాస్తు ఇంకా సంచీలోనే ఉంది గాని, మడతలు నలిగి అక్షరాలు చెరిగిపోతున్నాయి.

నిన్న కమిషనర్ గారు నన్ను పిలిచారు. వెళ్ళాను. నా మోకాళ్ళ దాకా రాళ్లపాడు బురద.

"భుజంగరావ్, టీకాలు సక్రమముగా జరుగుచున్నట్లు నివేదిక వచ్చినది. సంతోషము. డాక్టరమ్మ గారు అక్కడికి దేనిమీద వెళ్ళుచున్నారు?"

కిటికీలోంచి చింతచెట్టు కనపడుతోంది. గోనెపట్టా ఒక కొస గాలికి లేచి ఉంది.

"నడిచి వెళ్తున్నారండీ," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"అట్లయిన, ఆవిడ కాళ్ళకున్న చెప్పులు ఎప్పటివో కనుగొని, బోసుబాబును టేపు తెమ్మనుము," అన్నారు.